పిట్టలదొర నోరు, కేతిగాడి నోరు

సూర్యాపేటలో ఎవడైనా లేనిపోని గొప్పలు చెప్పుకుంటే "వీడో తుపాకి రాముడు" అని తీసిపారేస్తారు. కోదాడ దాటి ఆంధ్రలోకి వెళ్తే, తలతిక్క వేషాలేసేవాడిని "కేతిగాడు" అంటారు. రెండూ ఇప్పుడు తిట్లే. ఒకప్పుడు మాత్రం అవి ఎదుటివాళ్లను ఎగతాళి చేయడమే బతుకుతెరువైన వేషాల పేర్లు.

తుపాకి రాముణ్ని పిట్టలదొర అనీ, లత్కోర్ సాబ్ అనీ పిలుస్తారు. ఖాకీ బట్టలు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి. పట్టపగలు ఊరి నడుమ నిలబడి ఆస్తుల చిట్టా విప్పుతాడు. నీళ్ల మీద మామిడితోట ఉందంటాడు, వెయ్యెకరాలకు పట్టా రాసిస్తానంటాడు, వచ్చీరాని ఇంగ్లీషులో నలుగురికి కొలువులు పంచుతాడు. ఆ గుక్కలోనే గుప్పెడు బియ్యం అడుగుతాడు.

ఈ పరాష్కం (ఎగతాళి) పదును తెలియాలంటే పాత నల్లగొండ జిల్లాను గుర్తు చేసుకోవాలి. సూర్యాపేట తాలూకాలో జన్నారెడ్డి కుటుంబానికి లక్షన్నర ఎకరాలుండేవని కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. అంత భూమి ఒక్క దొర గడీ కింద ఉన్న చోట, చేతిలో సెంటు లేనివాడు వెయ్యెకరాలని కోస్తే జనం నవ్వింది ఎవరిని చూసి? పిట్టలదొర ఎంత పెద్ద అబద్ధమాడినా అసలు దొర లెక్క ముందు అది చిన్నదే. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో కవి సుద్దాల హనుమంతు వంటివారు గొల్లసుద్దులతో పాటు ఈ వేషాన్నీ ప్రచారానికి వాడుకున్నారంటే ఊరికే కాదు. నవ్వించే కళలు వాళ్లకు కొదవా! దొర వేషంలోనే దొరను దించే వీలు ఇందులో ఉంది.

కేతిగాడి దారి వేరు. అతను తోలుబొమ్మ. రాత్రంతా సాగే రామాయణంలో జనం కునుకు తీసే వేళకు జుట్టుపోలిగాడు, బంగారక్కలతో కలిసి తెర మీదికి దూకుతాడు. మొగుడూ పెళ్లాల తగువులు, రంకులు, పచ్చి మాటలు అతని సరుకు. నవ్వించడంలో పిట్టలదొర అతనికి సాటిరాడని ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ నవ్వు ఎక్కువసార్లు బంగారక్క మీదికే పోతుంది; ఊళ్లో బలవంతుడి జోలికి పోయేది తక్కువ. పైగా అనేది బొమ్మ, అనిపించేవాడు తెర వెనక. ఎవరికైనా కోపమొస్తే బొమ్మ మీదికి నెట్టేయొచ్చు. పిట్టలదొరకు ఆ చాటు లేదు. ఎండలో, మాట పడినవాడి ఎదుటే నిలబడాలి. అందుకే ముందు తనను తానే నవ్వులపాలు చేసుకుంటాడు, ఆ తర్వాతే ఎదుటివాడి వంతు. నా లెక్కలో ఇది భయం కాదు, పనితనం.

మిర్యాలగూడ నుంచి వాడపల్లి మీదుగా వంతెన దాటితే పల్నాడు. ఈ సరిహద్దు ఊళ్లలో ఇటు పరాష్కం, అటు వెటకారం రెండూ చెల్లుతాయి. రెండు పక్కలా జరిగింది మాత్రం ఒకటే: ఆట తగ్గింది, పేరు తిట్టుగా మిగిలింది. కేతిగాడి విషయంలో పెద్ద నష్టం లేదు. కోతి చేష్టల అర్థం అతనికి మొదటినుంచీ ఉన్నదే. తుపాకి రాముడి అర్థమే తలకిందులైంది. గొప్పలవాణ్ని ఎగతాళి చేసినవాడి పేరు గొప్పలవాడికే అంటుకుంది. ఎన్నికలొస్తే నాయకులు ఒకరినొకరు అనుకోవడానికీ ఈ మాటే వాడతారు. అది పొరపాటు వాడుక. పిట్టలదొర తన ఎకరాలు ఉత్తవేనని తెలిసి చెప్పేవాడు, వినేవాళ్లకూ ఆ సంగతి తెలుసు. నిజంగా నమ్మించాలని చూసేవాడికి కోతలరాయుడన్న మాట మనకు ముందే ఉంది.