పుట్టీ కింద ఉన్నది చెప్పాలా?

పాత కారును బాగు చేయించి అమ్మేటప్పుడు ఏ పని చెప్పాలి, ఏది చెప్పనక్కర్లేదు అన్నది ఖర్చును బట్టి తేలదు. టైర్లు, బ్యాటరీ, క్లచ్ ప్లేట్లు, సస్పెన్షన్ బుష్‌లు మార్పించడానికి బాగానే ఖర్చవుతుంది. కానీ అవి అరిగి మారేవే, కొనేవారు వెంట తెచ్చుకున్న మెకానిక్ కాసేపట్లో కనిపెట్టేవే. వాటిని చెప్పకపోయినా ఎవరికీ నష్టం లేదు. నిజానికి అమ్మేవారు ముందు ఏకరువు పెట్టేది కూడా వాటినే. అడుగున తుప్పు తిన్న రేకు కోసి కొత్త ముక్క అతికించడం వాటితో పోలిస్తే చవక పని. అయితే దాని మీద అండర్‌కోటింగ్ పడ్డాక చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. కొనేవారి కంటికి అందకుండా పోయిన పని ఏదైనా చెప్పి తీరాల్సిందే.

1983 చివర్లో మొదలై 2014 దాకా తయారైన మారుతి 800నే తీసుకోవచ్చు. లారీకి ఉన్నట్టు దీనికి విడిగా చాసిస్ ఉండదు, బాడీయే చాసిస్. ఫ్లోరు, డోర్ల కింద సాగే బాక్సు, ముందు స్ట్రట్లు బిగించే చోట్లు బండి బరువు మోస్తాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో తిరిగిన బండికి తుప్పు ఇక్కడే పడుతుంది. మ్యాట్ల కింద నీరు నిలిస్తే లోపలి నుంచి కూడా తింటుంది. మంచి టింకరు తుప్పును మంచి రేకు తగిలేదాకా కోసేసి, అదే మందం ముక్కను చుట్టూ వెల్డింగ్ చేసి, ప్రైమర్, సీలర్ వేస్తాడు. తొందర పనివాడు తుప్పు మీదే రేకు పరిచి, నాలుగు చోట్ల అంటించి, పైన నల్లటి పూత పూస్తాడు. అమ్మకం రోజున రెండు బండ్లూ ఒకేలా మెరుస్తాయి. తేడా బయటపడేది రెండు మూడు వానాకాలాల తర్వాతే. ఆ వెల్డింగ్ నిజంగా పరీక్షకు నిలవాల్సింది గుద్దుకున్నప్పుడు, అప్పుడు లోపల కూర్చున్నది కొత్త యజమాని కుటుంబం.

ఇందులో ఒక తిరకాసు ఉంది. పని ఎంత బాగా కుదిరితే ఆనవాలు అంతగా చెరిగిపోతుంది, కాబట్టి చెప్పాల్సిన బాధ్యత కూడా అంతే పెరుగుతుంది. నాసిరకం పుట్టీ తనంతట తానే పగిలి గుట్టు విప్పుతుంది. నేర్పరి చేతి పని నోరు విప్పదు. పెయింట్ మందం కొలిచే మీటరు కొంతవరకు పట్టిస్తుంది. ఫ్యాక్టరీ పెయింట్ సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, పుట్టీ పెట్టిన చోట అంకె కొన్ని వందలు దాటుతుంది. కానీ అది ఇంటి గేటుకు రాసుకున్న సొట్టో, బండి పల్టీ కొట్టిన గుర్తో మీటరు చెప్పలేదు.

చట్టం ఈ విషయంలో పాతకాలపు గుర్రం దగ్గరే నిలబడి ఉంది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఒట్టి మౌనం మోసం కాదు. గుర్రానికి జబ్బుందని తెలిసీ వేలంలో నోరు మెదపనివాడు మోసగాడు కాడని ఆ సెక్షన్ ఉదాహరణే చెబుతుంది. అయితే నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనుకుంటానని కొనేవాడు అన్నప్పుడు కూడా అమ్మేవాడు ఊరుకుంటే, ఆ మౌనం మాటతో సమానం. యాక్సిడెంట్ ఏమైనా అయిందా అని అడగని కొనుగోలుదారు మన దగ్గర అరుదు కనుక, ఆచరణలో అమ్మేవారికి మౌనం అనే వెసులుబాటు మిగలదు. మామూలు జాగ్రత్తతో కనిపెట్టగలిగిన దాన్ని కనిపెట్టలేదని, అవతలివారి మౌనం సాకుగా ఒప్పందం రద్దు కోరలేరని 19వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. అరిగిన టైరుకు అది వర్తిస్తుంది. అండర్‌కోటింగ్ కింద దాగిన వెల్డింగ్‌కు వర్తిస్తుందని వాదించడం కష్టం. అమ్మేది వ్యాపారి అయితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కూడా తోడవుతుంది. బాగుచేసిన సరుకును కొత్త సరుకుగా చూపడం ఆ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి.

వరదలో మునిగిన బండి సంగతి మరీ గడ్డు. 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో విజయవాడ వేల బండ్లను నీళ్లలో చూశాయి. మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే కంపెనీ దాన్ని టోటల్ లాస్ కింద తేల్చి పరిహారం ఇస్తుంది. మిగిలిన బండిని ఎవరో కొని, సీట్లు ఉతికి, కనెక్టర్లు తుడిచి మరో ఊళ్లో అమ్మకానికి పెట్టే అవకాశం ఉంటుంది. ఆర్సీ మీద మునిగిన బండి అన్న ముద్రేమీ ఉండదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో అలాంటి కారు టైటిల్ మీదే సాల్వేజ్ అని రాస్తారు. అక్కడికి చదువుకు వెళ్లి మొదటి కారు వెతుక్కునే మన పిల్లలు క్లీన్ టైటిల్ ఉందా అని ముందు అడగడానికి కారణం అదే. ఇక్కడ ఆ ముద్ర పని అమ్మేవారి నోరే చేయాలి.

చెబితే బేరం పోతుందన్న భయం గుద్దుకున్న కొత్త బండ్ల విషయంలో నిజమే, ధర తగ్గుతుంది. ఆ తగ్గే మొత్తం ఇంతకాలం కొనేవాడి జేబులోంచి పోయిందే. ఇష్టపడి పునరుద్ధరించిన పాత బండ్ల లెక్క వేరు. పద్మిని లాంటి పాత కారు కొనడానికి వచ్చినవారికి ఆ రంగు కంపెనీది కాదని తెలుసు. వారి భయమంతా రంగు కింద ఏముందోనని. పెయింట్ గీకేసి రేకు బయటపెట్టినప్పుడు తీసిన ఫొటోలు, షెడ్డు బిల్లులు చూపిస్తే ఆ భయం పోతుంది, ధరా నిలుస్తుంది. అవేవీ లేకుండా తళతళలాడే బండిని తెలిసినవాడు అనుమానంగానే చూస్తాడు.

చెప్పే తీరు కూడా ముఖ్యమే. బండి కొంచెం పని చేయించాం అన్న మాట చెప్పినట్టూ కాదు, దాచినట్టూ కాదు. ఎడమవైపు ఫ్లోరు రేకు మార్చాం, వెనక క్వార్టర్ ప్యానెల్ కోసి వేశాం అని అమ్మకపు ఒప్పందంలో రెండు వాక్యాలు రాసి ఇద్దరూ సంతకం పెడితే తర్వాత తగవుకు చోటుండదు. మూడో చేతిలో, నాలుగో చేతిలో ఉన్న బండి గురించి తనకే తెలియనప్పుడు తెలియదనడమే సరైన జవాబు. నాన్ యాక్సిడెంట్ అని హామీ ఇస్తే తెలియని దానికి పూచీ పడ్డట్టవుతుంది. ఇంజన్ మార్చి ఉంటే అది మాటతో సరిపోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆ మార్పు ఆర్సీలోకి ఎక్కాలి, లేకపోతే పేరు మార్పిడి దగ్గరే చిక్కు మొదలవుతుంది.

యాభై ఏళ్లు దాటిన బండ్లకు 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనలు ఇంకో అడుగు ముందుకు వేశాయి. అసలు రూపంలో ఉండి, చాసిస్‌లో, బాడీ షెల్‌లో, ఇంజన్‌లో పెద్ద మార్పులు జరగని బండికే వీఏ అక్షరాలున్న నంబరు వస్తుంది. అక్కడ చేయించిన పని వివరం ధరను తేల్చే విషయం మాత్రమే కాదు, ఆ నంబరుకు బండి అర్హమా కాదా అన్నదీ దాని మీదే తేలుతుంది.