కోతిభుజం ఎవరిది?

స్కాచ్ విస్కీ మీద రాసేవాళ్ళు నీళ్ళని, పీట్ మట్టి పొగని, ఓక్ పీపాల్ని తెగ పొగుడుతారు. పార పట్టినోడి ఊసు తక్కువ. ఎత్తినా అతని పేరు 'సంప్రదాయం' అయిపోతుంది.

స్కాట్లండ్‌ పాత డిస్టిలరీల్లో బార్లీని రెండు మూడు రోజులు నానబెట్టి గచ్చు మీద పరిచేవాళ్ళు. మొలకెత్తే గింజ వేడెక్కుతుంది, వేర్లు అల్లుకుపోతాయి. అందుకని దాదాపు వారంపాటు, రాత్రనక పగలనక, కొన్ని గంటలకోసారి కర్రపారలతో తిరగెయ్యాలి. ఏళ్ళ తరబడి ఇదే పనైతే భుజం దెబ్బతిని చెయ్యి కోతిచెయ్యిలా వేలాడేది. దానికి 'మంకీ షోల్డర్' అని పేరు. కోతిభుజం. నొప్పిని నవ్వులో కలిపేసుకోవడం రెక్కలాడితేగాని డొక్కాడనోళ్ళకి అలవాటే.

2005లో విలియం గ్రాంట్ కంపెనీ అదే పేరుతో విస్కీని బజార్లో పెట్టింది. సీసా భుజం మీద మూడు లోహపు కోతిబొమ్మలు! ఇది ఆ పనివాళ్ళకి గౌరవమట. మేం ఒప్పుకోం. గాయం పనోడిది, ట్రేడ్‌మార్కు యజమానిది.

ఇంకో సంగతి. పీపాల్లోంచి ఏటా సుమారు 2 శాతం సరుకు ఆవిరైపోతుంది. దాన్ని ముద్దుగా 'దేవదూతల వాటా' అంటారు. పనోడు రాగిగొట్టంలో నింపి ప్యాంటులో దాచుకుంటే మాత్రం దొంగతనం. ఆ గొట్టం పేరు 'కాపర్ డాగ్'. ఆ పేరుతోనూ ఒక విస్కీ వచ్చింది. యాజమాన్యాలు మాత్రం 1970ల దాకా చాలాచోట్ల రోజుకు రెండు మూడుసార్లు తామే మందు పోసేవి, మురికిపనికి ఇంకో గుక్క అదనం. మురికిపనికి ముందు సారా పొయ్యడం మనకి కొత్త సంగతా?

అట్లాగని ఆ పనోణ్ణీ మననీ ఒక్క గాటన కట్టలేం. అతని నొప్పి అతనితో ఇంటికెళ్ళింది గాని కొడుక్కి ఇంటిపేరు కాలేదు. లందలో తోళ్ళు నానబెట్టి తంగేడు చెక్కతో పదును చేసిన మనవాళ్ళకి పనే కులమయింది, కులం పేరే తిట్టయింది. కులం పనుల విభజన మాత్రమే కాదు, పనివాళ్ళ విభజన కూడా అని అంబేద్కర్ 1936లో వాదించింది దీని గురించే. అక్కడ గాయం పేరుని అమ్ముకుంటున్నారు. ఇక్కడ చెప్పుని అమ్ముకుని పేరుని ఊరవతల ఉంచారు.

బాల్వెనీ లాంటి కొద్దిచోట్ల ఇప్పటికీ కొంత బార్లీని గచ్చు మీదే తిరగేస్తున్నారు. చూడ్డానికి వచ్చేవాళ్ళకి టిక్కెట్టు. రేపు మన లందని కూడా మ్యూజియంలో పెడితే, పక్కన బోర్డు మీద ఏం రాస్తారు? ఎవరు రాస్తారు?