విన్నది విన్నట్టు: తబరీ చేతిపని

ముహమ్మద్ ప్రవక్తను మగవాళ్లలో మొట్టమొదట నమ్మినదెవరు? చూడ్డానికి చిన్న ప్రశ్న. కానీ పదో శతాబ్దపు బాగ్దాదులో దీనికి జవాబు చెప్పడమంటే నిప్పుతో చెలగాటమే. ప్రవక్త దాయాది అలీ అంటే ఒక వర్గం, సహచరుడు అబూబక్ర్ అంటే ఇంకో వర్గం మీ మీద విరుచుకుపడతాయి. ప్రవక్త తర్వాత నాయకత్వం ఎవరికి దక్కాలన్న తగవంతా ఆ జవాబు వెనక కాచుకుని ఉంటుంది. అబూ జాఫర్ ముహమ్మద్ బిన్ జరీర్ అల్ తబరీ తన ‘ప్రవక్తల, రాజుల చరిత్ర’లో ఈ ఘట్టానికి వచ్చినప్పుడు చేసిన పని చూస్తే, ఎన్నిసార్లు చదివినా నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ముందు ప్రవక్త భార్య ఖదీజా. ఆమె విషయంలో పేచీ లేదు. ఆ తర్వాత, ఇక్కడ పెద్దలు ఒక్క మాట మీద లేరని తబరీ సూటిగా చెప్పేస్తారు. చెప్పి, ఒక్కో వాదాన్నీ తెచ్చి వరసగా నిలబెడతారు. అలీయే మొదటివాడన్నవాళ్లు, అప్పటికి ఆయన తొమ్మిది పదేళ్ల పిల్లవాడన్నవాళ్లు. అబూబక్ర్ అన్నవాళ్లు. ప్రవక్త బానిసత్వం నుంచి విడిపించి కొడుకులా పెంచుకున్న జైద్ అన్నవాళ్లు. వీటి నడుమ ఒక బుల్లి కథనం. తొలినాళ్ల సహచరుడు సాద్ బిన్ అబీ వఖ్ఖాస్‌ను కొడుకు అడుగుతాడు, మీలో మొదట నమ్మింది అబూబక్రేనా అని. కాదు, ఆయనకంటే ముందు యాభై మందికి పైగానే వచ్చారు, అయినా మా అందరిలో ఆయనే మేటి అంటాడు తండ్రి. ఈ జవాబు ఏ పక్షానికీ పూర్తిగా పనికిరాదు. అయినా తబరీ దాన్ని పారేయలేదు.

ఇక నేత చూద్దాం. ప్రతి కథనానికీ ముందు ఒక పేర్ల గొలుసు ఉంటుంది. దాన్ని ఇస్నాద్ అంటారు. ఇబ్న్ హుమైద్ మాకు చెప్పాడు, ఆయనకు సలమా చెప్పాడు, ఆయనకు ఇబ్న్ ఇస్‌హాఖ్ చెప్పాడు... ఇలా పోతుంది వరస. మన పురాణాల్లోనూ సూతుడు శౌనకాది మునులకు చెప్పాడంటూ కథ ఎత్తుకుంటారు. కానీ అక్కడ ఆ మాట కథకు గుమ్మం. తబరీ దగ్గర అది కథ వెంట అంటిపెట్టుకుని ఉండే సాక్ష్యం. మూడు వాక్యాల కథనమైనా సరే, ఎవరి నోట విన్నదో చెప్పకుండా కదలరు. తన సొంత మాట చెప్పాల్సి వస్తే ‘అబూ జాఫర్ అన్నాడు’ అని విడిగా గుర్తు పెడతారు. విన్నది ఎక్కడ ఆగిందో, తన తలపు ఎక్కడ మొదలైందో చదివేవాడికి తెలియాలి కదా. ఎవరికైనా ఇందులో ఏ కథనమైనా మింగుడు పడకపోతే అది నేను పుట్టించింది కాదు, నాకు అందినదాన్నే అందించాను అని పీఠికలోనే చెప్పుకున్నారు.

ఆయన 839లో కాస్పియన్ సముద్రానికి దక్షిణాన ఉన్న ఆముల్‌లో పుట్టారు. 923లో బాగ్దాదులో పోయారు. కుర్రతనంలో రయ్ నగరంలో ఇబ్న్ హుమైద్ దగ్గర చదువుకునేటప్పుడు, ఊరవతల పల్లెలో ఇంకో గురువు పాఠం విని, ఈయన పాఠం తప్పిపోకూడదని పిచ్చివాళ్లలా పరుగెత్తుకు వచ్చేవాళ్లమని చెప్పుకునేవారట. ఆ గొలుసులోని మొదటి పేరు వెనక అంత పరుగు ఉంది.

ఈ పనితనం విలువ తెలియాలంటే దాన్ని విప్పేసినవాళ్లను చూడాలి. 963లో సామానీ రాజవంశపు మంత్రి బల్‌అమీ ఈ చరిత్రను పారసీకంలోకి తెప్పించినప్పుడు గొలుసులు తీసేశారు, నాలుగు కథనాలున్నచోట ఒకటి ఉంచారు. అందమైన వచనం, హాయిగా సాగుతుంది. కానీ తగవు మాయమైంది.

తగవే నేటికీ బతికి ఉంది, ఇప్పుడది ఆ గొలుసుల నిజానిజాల మీద. గొలుసులు కాలం గడిచేకొద్దీ వెనక్కి పెరిగాయని, పేర్లను తర్వాత అతికించారని 1950లో పండితుడు జోసెఫ్ షాఖ్త్ వాదించారు. 1977లో చరిత్రకారులు పట్రీషియా క్రోన్, మైకేల్ కుక్ ముస్లిం కథనాలను మొత్తం పక్కన పెట్టి, గ్రీకు, సిరియాక్, అర్మేనియన్ వంటి భాషల రాతలతోనే ఇస్లాం పుట్టుకను తిరగరాయాలని చూశారు. వాళ్ల ప్రశ్నలు పదునైనవే, ఇస్లాం చరిత్ర రాసేవాళ్లెవరూ వాటిని దాటుకుపోలేరు. కానీ 1998లో చరిత్రకారుడు ఫ్రెడ్ డానర్ ఇచ్చిన జవాబు నాకు బలంగా తోస్తుంది. తొలి తరాల్లోనే ఇన్ని ముక్కలైన సమాజం, అందరూ కూడబలుక్కుని ఒకే కట్టుకథను ఎలా అల్లుతుంది? వర్గాలు కొట్టుకున్నా మూల ఘటనల చట్రం ఒక్కటిగానే మిగిలింది. ఆ కొట్లాట మనకు కనపడుతోందంటే, దాన్ని చదును చేయని తబరీ లాంటివాళ్ల పుణ్యమే. అనుమానించేవాళ్లు ఆయుధాలు వెతుక్కునేదీ, నమ్మేవాళ్లు ఆధారాలు వెతుక్కునేదీ ఈ పుటల్లోనే.

ఆ గొలుసులు పోయిన ఒక పుస్తకాన్నీ కొంత కాపాడాయి. ప్రవక్త జీవితాన్ని మొదట పెద్ద గ్రంథంగా కూర్చిన ఇబ్న్ ఇస్‌హాఖ్ 767 ప్రాంతంలో పోయాడు. ఆయన పుస్తకం మూలరూపంలో పూర్తిగా దొరకదు. ఇబ్న్ హిషాం దాన్ని పరిష్కరిస్తూ కొన్ని భాగాలు వదిలేశానని తానే చెప్పాడు. వాటిలో కొన్ని తబరీ దగ్గర ఉన్నాయి. ఇబ్న్ హుమైద్, సలమా, ఇబ్న్ ఇస్‌హాఖ్ అన్న మూడు పేర్ల దారం పట్టుకుని పోతే చేతికి తగులుతాయి. 1955లో ఆల్ఫ్రెడ్ గియోమ్ ఆ జీవితచరిత్రను ఇంగ్లీషులో మళ్లీ కూర్చినప్పుడు ఆ దారం వెంటే వెళ్లాడు. ఇబ్న్ హిషాం వదిలేసినచోట తబరీ దాచినది పెట్టి, పక్కన అంచులో తబరీ పేరులోని మొదటి అక్షరాన్ని గుర్తుగా అచ్చువేశాడు.