ఆసవము – పట్టసారాయి: వాసనను గూర్చిన విచారము

మహాకావ్యమునకు విధింపబడిన అష్టాదశ వర్ణనములలో మధుపానమొకటి. దండి తన కావ్యాదర్శమున దీనిని ఉద్యాన సలిలక్రీడల సరసనే చేర్చెను. కనుక మద్యమును కంట జూడని కవియు దానిని వర్ణింపక తప్పినది కాదు. ఈ వర్ణనములను శృంగారమునకు అంగములుగా పరిశీలించుట మన విమర్శకులకు పరిపాటి. మద్యమునకు ఆ వాసనను గూర్చిన చేయి యెవరిది? ఆ వాసనకు మూల్యము చెల్లించిన వారెవరు? ఈ ప్రశ్నలకు విమర్శలో తగినంత చోటు లభింపలేదు. కర్నూలు, కడప మండలముల సారాయి పలుకుబడి నాధారముగా గొని వీనిని విచారించుట ఈ వ్యాసోద్దేశము.

ముందుగా శాస్త్రమును జూతము. కౌటిల్యుని అర్థశాస్త్రమున, సురాధ్యక్ష ప్రకరణమందు మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అని ఆరు భేదములు చెప్పబడినవి. వీనిలో మైరేయమునకు మేషశృంగి పట్ట కషాయము, బెల్లము, పిప్పళ్ళు, మిరియములు చేరును. ఇవి పులియబెట్టిన పానీయములే గాని నేటి సారాయివలె కాచి దింపినవని చెప్పుటకు వీలులేదు. అయినను పట్ట, బెల్లము అను జంట అప్పటికే ఏర్పడియున్నదని గ్రహింపవలెను. మరియొక విశేషము గలదు. కుటుంబులు తమ శుభకార్యములకు శ్వేతసురను, ఔషధార్థమై అరిష్టమును ఇంట చేసికొనుటకు కౌటిల్యుడు అనుమతించెను. మద్యమును రాజాధికారమునకు లోబరచిన శాస్త్రకారుడే ఇంటి చేతికి కొంత చోటు విడిచెనన్నమాట.

కావ్యమున ఈ చేయి మాయమగును. రఘువంశపు పందొమ్మిదవ సర్గలో అగ్నివర్ణుడు తీయమామిడి చిగురును, ఎర్రని పాటల పుష్పమును చేర్చిన ఆసవమును త్రాగును. ఆ పరిమళము మనకు తెలియును. దానిని సిద్ధపరచిన పరిజనుడు తెలియడు. కాని కాళిదాసు ఆ వాసనతో నిలిచిపోలేదు. ఆ సర్గ ముగియకమున్నే రాజు క్షయరోగమున కృశించి మరణించును. గర్భవతియైన రాణి సింహాసన మెక్కి రాజ్యభారము వహించును. మధుపానమును దాని ఫలముతో గూడ చూపిన ఈ ఘట్టమును కేవల శృంగార వర్ణనముగా చదువుట కవికి అన్యాయము చేయుటయే.

ఇక సీమ భాషకు వత్తము. ఇచట పరిమళము పైనుండి వేసిన పూరేకునుండి కాక, నేలనుండి పుట్టినది. పట్టసారాయి యను మాటలోని పట్ట తెల్లతుమ్మ బెరడు. తమిళమునందును దీనికి పట్టై చారాయమని సమానమైన పేరు గలదు. దక్కనీ ఉరుదూలో ఆ చెట్టునకే షరాబ్ కీకర్ అని పేరు. ఆ బెరడులోని వగరు బెల్లపు తీపిని అదుపులో నుంచును. నల్లమలలో చెంచులకు ఇప్పపూవు ఆహారము, మద్యమునకు మూలము గూడ. పట్ట పాలు, పూవు ఎండిన తీరు, మంట హెచ్చుతగ్గులు మారిన కొలది రుచి మారును. అందుచేత ఇంటింటి సారాయికి ఒక ముద్ర ఏర్పడును.

క్రియాపదములును గమనింపదగినవి. సీమ జనులు సారాయిని చేయుదురనరు; కాతురందురు. పులియుచున్న బెల్లపు నీటిని ఊట యందురు. ఎండిన యేటి యిసుకలో చెలమ త్రవ్వగా వచ్చు నీటికిని ఊట యనియే పేరు. వానకు మొగము వాచిన దేశమున బ్రతికించు నీటికిని, మత్తెక్కించు నీటికిని ఒకే మాట చెల్లుచున్నది. ఏ అలంకార శాస్త్రమును చదువని వారి నోట నిలిచిన యీ శ్లేష కవిసమయములకంటె బలమైనది.

అయితే ఈ చేతిపనిని పొగడి ఊరకుండరాదు. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టము వచ్చిన పిమ్మట అనుమతిలేని కాపు నేరమైనది. 1938లో కడప మండలమున మద్యనిషేధము అమలు చేయబడినది. ఆంధ్రరాష్ట్ర రాజధానియైన కర్నూలులో 1954 నవంబరున ప్రకాశం మంత్రివర్గము పతనమగుటకు మద్యనిషేధ వివాదమే కారణము. చాటున కాచువానికి రుచితో పనిలేదు. ఊట త్వరగా పులియవలెను, ఘాటు హెచ్చవలెను. పట్టకు బదులు నవాసారము వంటి హానికర ద్రవ్యములు చేరినవి. కాచినవాని ముద్ర పోయినది, విషము నిలిచినది.

ఇంతవరకు మనము వాసనను త్రాగువాని వైపునుండియే చూచితిమి. ఇంటి వైపునుండి చూచిన రచన యొకటి గలదు. నెల్లూరు మండల అక్షరాస్యతోద్యమపు వాచకములోని సీతమ్మ కథ యది. అందు వర్ణనములు లేవు, వాసన లేదు. ఊరి స్త్రీలు కూడి సారాయి దుకాణమును మూయించుటయే దాని యితివృత్తము. దానిని చదివిన దూబగుంట స్త్రీలు 1992లో తామును అట్లే చేసిరి. ఆ యుద్యమము రాయలసీమకును వ్యాపించినది. 1993 అక్టోబరు 1 నుండి ప్రభుత్వము సారాయిని నిషేధించినది. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి 1997లో తొలగినది. కావ్యగుణములు లేవని ఈ చిన్న పాఠమును సాహిత్యపు గడప బయట నిలుపుదుమేని, అగ్నివర్ణుని రాణిని గూడ బయట నిలుపవలసి వచ్చును.

కావున విమర్శకుని కర్తవ్యము రెండు విధములు. కాపు, ఊట, పట్ట మున్నగు మాటలను, అవి పలుకు పెద్దలు గతింపకమున్నే, సేకరించి భద్రపరచవలెను. కడపలో కూర్చుండి తెలుగు గ్రంథములను పరిష్కరింపజేసిన బ్రౌను దొర మనకు చూపిన శ్రద్ధ యిదియే. కాని మాటను భద్రపరచుట మత్తును కీర్తించుట కాదు. మద్యవర్ణన మెచట కన్పట్టినను దాని వాసనతోబాటు, కాచిన చేతిని, కన్నీరు పెట్టిన యింటిని గూడ వెదకిననే ఆ పఠనము పూర్ణమగును. సహృదయులు పరిశీలింతురు గాక.