అంగలూరు నుంచి అవనిగడ్డ దాకా

గుడివాడ దగ్గరి అంగలూరు డైట్‌కి, అంటే టీచర్ శిక్షణ కాలేజీకి, పిల్లల్ని పంపే ఇళ్లలో వినిపించే మాట గవర్నమెంటు ఉద్యోగం. తప్పేముంది? కౌలు చేల మీద బతికే ఇంటికి నెల జీతం పెద్ద ఆసరా. ఆ ఉద్యోగానికి డైట్ అయ్యాక డీఎస్సీ, అంటే టీచర్ల నియామక పరీక్ష, రాయాలి. దివిసీమలో అవనిగడ్డ ఆ కోచింగుకు పేరుపడింది. పరాయి జిల్లాల వాళ్లూ వచ్చి అద్దె గదుల్లో ఉండి చదువుతారు. 2018 తర్వాత మళ్లీ పెద్ద డీఎస్సీ 2025లో, 16,347 పోస్టులతో వచ్చింది.

అన్నేళ్ల ఓపికకి జీతం ఒక్కటే కారణమంటే నేను నమ్మను. డైట్‌లో చదివే రెండేళ్ల డీఈఎల్‌ఈడీలో బడికి వెళ్లి పాఠం చెప్పే రోజులుంటాయి. రాత్రి కూర్చుని రాసుకున్న పాఠ్యపథకం పది నిమిషాల్లో తలకిందులవుతుంది. 32లోంచి 17 తీసేయమంటే వెనక వరస కుర్రాడు 25 అంటాడు. ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచి చిన్నది తీసేశాడన్నమాట! పాఠం చెబుతున్న ఛాత్రోపాధ్యాయురాలు కసురుకోదు. సుద్ద పక్కనపెట్టి వాడి పక్కనే చతికిలబడుతుంది. పదేసి ఈనెపుల్లల కట్టలు మూడు, విడిగా రెండు పెట్టి, ఒక కట్ట వాడిచేతే విప్పిస్తుంది. వాడు లెక్కపెట్టుకుని “పదిహేను టీచర్!” అని అరుస్తాడు. ఆ కేక విన్నవాళ్లు ఈ పని వదలరు. అలాంటివాళ్లని నోటిఫికేషన్ కోసం మళ్లీ ఏళ్ల తరబడి కూర్చోబెట్టడం అన్యాయం.