ఉప్పునీళ్లలో పాచిక

అట్లాంటా దగ్గరి కమ్మింగ్‌లో మా వంటింటి గట్టు మీద మొన్నొక రోజు మా అబ్బాయి గ్లాసుడు ఉప్పునీళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. అందులో ఇరవై ముఖాల పాచిక తేలుతోంది. వేలితో దాన్ని తిప్పుతాడు. ఆగాక పైకి వచ్చిన అంకె కాగితం మీద రాసుకుని మళ్లీ తిప్పుతాడు. ఒకే అంకె పదేపదే పైకి వస్తోందంటే దాని ఎదుటి ముఖం వైపు బరువు ఎక్కువన్నమాట. పోత పోసేటప్పుడు లోపల గాలిబుడగ చిక్కుకున్నా పాచిక ఇలా ఒరుగుతుంది.

ఊరి నుంచి వచ్చిన మా అమ్మ కాసేపు చూసింది. "మీ తాతయ్య విత్తనాల వడ్లు ఇట్లాగే చూసేవాడురా నాన్నా. ఉప్పునీళ్లలో పోస్తే తాలు పైకి తేలేది, గట్టివి అడుగున ఉండేవి" అంది. వాడు కాగితం పక్కన పెట్టి, ఇంకా చెప్పమని అడిగాడు.

శనివారం సాయంత్రాలు వాడి స్నేహితులు మా ఇంట్లో, తలా ఒక పాత్రై కథ నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట ఆడతారు. ప్రతివాడి దగ్గరా ఒక గుడ్డసంచి, అందులో ఏడు పాచికల జత ఉంటుంది. నాలుగు, ఆరు, ఎనిమిది, పన్నెండు, ఇరవై ముఖాలవి ఒక్కొక్కటి, పది ముఖాలవి రెండు. ఆటకు ఒక్క జత చాలు. మావాడి దగ్గర పదకొండున్నాయి. లేబర్ డే రోజుల్లో అట్లాంటాలో జరిగే డ్రాగన్ కాన్‌కు వెళ్తే పన్నెండోది వస్తుంది. అన్నేసి ఎందుకని నేను విసుక్కున్న మాట నిజం. ఆ ఇష్టం ఏమిటో నాకు చూపించింది మా అమ్మే.

పిల్లలకు అష్టాచెమ్మా నేర్పుతానంది. ఇంట్లో గవ్వలు లేవు. థాయ్‌లాండ్ తీపి చింతపండు డబ్బా ఉంటే, నాలుగు పిక్కలు ఏరుకుని డ్రైవ్‌వే మీద కూర్చుంది. ఒక్కో పిక్కనూ సిమెంటు మీద రుద్దుతుంటే ముందు గోధుమరంగు పొట్టు పోయింది, తర్వాత లోపలి తెలుపు బయటపడింది. రుద్దిన పిక్క ఎంత వేడెక్కుతుందో, దాన్ని పక్కవాడి చేతికి అంటించి చురక పెట్టిన మనందరికీ తెలుసు. పిల్లలు నలుగురూ తలా ఒక పిక్క తీసుకున్నారు. సుద్దతో అయిదు అడ్డం, అయిదు నిలువు, మొత్తం ఇరవై అయిదు గళ్లు గీసింది. నాలుగు వైపులా నడిమి గడికి, మధ్య గడికి ఇంటూ గుర్తు పెట్టింది.

పందెం లెక్క నాకెంతో అందంగా తోస్తుంది. నాలుగు పిక్కలు పదహారు రకాలుగా పడవచ్చు. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, నాలుగు. అన్నీ నల్లగా పడితే అష్టా, ఎనిమిది. ఈ రెండూ పదహారులో ఒక్కొక్కసారే. ఒకటి నాలుగుసార్లు, మూడు నాలుగుసార్లు, రెండు ఏకంగా ఆరుసార్లు. అందుకే అష్టా పడ్డవాడికి మళ్లీ వేసే హక్కు, ఇంట్లో కేకలు. అయితే ఈ లెక్క కాగితం మీదిది. ఒకపక్క అరిగిన పిక్క రెండు వైపులా సమంగా పడదు, గవ్వ అసలే పడదు. ఆడేకొద్దీ వాటి గుణం చేతికి తెలుస్తుంది.

ఇరవై ముఖాల పాచిక స్వభావం వేరు. అందులో ప్రతి అంకెకూ వాటా నూటికి అయిదే. ఇరవై ఎంత అరుదో పది కూడా అంతే. కత్తి దూసిన వీరుడు గెలవడానికీ కాలుజారి పడడానికీ సమానంగా వీలుంటుంది కనుక కథకు అది సరిపోతుంది. పరుగుపందెం లాంటి అష్టాచెమ్మాకు గవ్వల లెక్కే మేలని నా అభిప్రాయం.

లెక్కకూ పాచికకూ ఉన్న చుట్టరికం మనవాళ్లకు ఎప్పుడో తెలుసు. మహాభారతంలోని నలుడి కథలో ఋతుపర్ణ మహారాజు తానిచెట్టు ఆకులూ కాయలూ చూసీ చూడగానే లెక్కచెప్పి, ఆ పక్కనే నలుడికి పాచికల మర్మమైన అక్షహృదయం ఉపదేశించాడు. ఋగ్వేద కాలపు జూదరులు ఆడింది కూడా తానికాయలతోనే. ఇరవై ముఖాలూ కొత్తవి కావు. గ్రీకు అక్షరాలు చెక్కిన ప్రాచీన ఈజిప్టు పాచిక న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను తెచ్చినప్పుడు అలాంటి పాచికలు బడిపిల్లల గణిత సామగ్రి కేటలాగులో దొరికాయి. తర్వాత కొన్నాళ్లు పెట్టెల్లో వచ్చిన పాచికల అంకెల్లో రంగు ఉండేది కాదు. కొన్నవాళ్లే మైనపు క్రేయాన్ రుద్ది, అంకెల్లో నింపి, మిగిలింది తుడిచేసేవారు. 1979లో పాచికల కొరత వస్తే పెట్టెలో అంకెలు అచ్చువేసిన అట్టముక్కలు పెట్టారు, కప్పులోంచి తీసుకోమని. ఆట నడిచింది కానీ, దొర్లే వస్తువు లేని లోటు ఎవరికి తెలియదు?

ఫోన్ నొక్కితే ఇప్పుడు అంకె వస్తుంది. మా ఇంటికొచ్చే పిల్లలెవరూ అలా ఆడరు. చెయ్యి వదిలాక, పాచిక ఆగేలోపు బల్ల చుట్టూ ఉన్న అయిదుగురూ ఊపిరి బిగబట్టి ఒకేచోట చూస్తారు. అప్పుడు అది ఎవరి పక్షమూ కాదు. తన సొంత పాచికే తనను ముంచినా పిల్లవాడు గొణుక్కుంటూ ఒప్పుకుంటాడు, ఎందుకంటే అందరూ చూశారు. నెత్తిన పెట్టుకున్నంత ప్రేమగా చూసుకున్న వస్తువు కూడా తన మాట వినకపోవడం, అయినా దాన్ని మళ్లీ సంచిలో జాగ్రత్తగా దాచుకోవడం, ఇదంతా నాకు అమ్మ పిక్కలు రుద్దుతుంటేనే అర్థమైంది.

అమ్మ ఊరికి వెళ్లిపోయింది. పిక్కల్లో ఒకటి చిట్లింది. నిన్న సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి మావాడు డ్రైవ్‌వే మీద గొంతుక్కూర్చుని కొత్త పిక్క రుద్దుతున్నాడు, మధ్యమధ్య వేళ్లు ఊదుకుంటూ.