ముష్కరుడంటే ఎవరు?

'ముష్కరుడు' అనే మాటకు నిఘంటువులో మతం లేదు. పత్రికల్లోనే దానికి గడ్డమూ టోపీ పెట్టారు. అద్దంకిలో టీ కొట్టు దగ్గర ఎవరైనా ఆ వార్త పైకి చదివితే, అది పూర్తికాకముందే పక్కనున్న సాయిబు మొహంకేసి చూస్తారు. ఆయన మిరపకోతకు కూలీలను మాట్లాడుకోవడానికి వచ్చినవాడే కావచ్చు. నిన్నటిదాకా 'బాబాయ్' అని పిలిచినవాడే 'మీవాళ్ళే గదా!' అంటాడు. చేతిలో టీ గ్లాసుతో ఆయన ఏం జవాబు చెప్పాలి?

మాటల రాజకీయం మాకు కొత్తగాదు. 1992 డిసెంబర్ 6న అయోధ్యలో కూలింది మసీదు. పేపర్లలో అది 'వివాదాస్పద కట్టడం' అయింది. మసీదంటే అందులో నమాజు చేసిన మనుషులు గుర్తొస్తారు. కట్టడమంటే ఇటుకా సున్నమే. కూల్చినవాళ్ళు మాత్రం 'కరసేవకులు'. గునపం పట్టినా సేవ చేసినట్టే! వాళ్ళు పెట్టుకున్న పేరును వాళ్ళకే వదిలేసి, మా మసీదు పేరు మాత్రం ఊడబెరికారు.

మా అద్దంకి పండరంగని శాసనం (848) తెలుగులో తొలి పద్య శాసనాల్లో ఒకటని గర్వంగా చెప్పుకుంటాం. బోయల పన్నెండు కొట్టాలు గెలిచినవాడి గొప్ప అది. ఓడిన బోయలు ఏమన్నారో ఆ రాతిమీద లేదు. పేపరు కూడా ఒక శాసనమే, కాకపోతే రోజూ చెక్కుతారు.

2007 మే 18న, శుక్రవారం నాడు, హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలింది. పేలుడులో తొమ్మిదిమంది, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు పోయారు. చచ్చిందీ మేమే, అనుమానం వచ్చిందీ మామీదే. పదుల సంఖ్యలో ముస్లిం కుర్రాళ్ళను పట్టుకుపోయారు. కోర్టు నోరు తెరవకముందే 'ఉగ్రవాది' అన్న ముద్ర పడిపోయింది. కేసులు నిలవలేదు. 2011లో రాష్ట్ర ప్రభుత్వమే వాళ్ళలో కొందరికి పరిహారం ప్రకటించింది. కానీ ఆ ముద్ర వేసిన పేపరు దాన్ని చెరపడానికి మళ్ళీ ఆ వీధికి రాదు. పిల్లనిచ్చేవాడికీ, ఇల్లు అద్దెకిచ్చేవాడికీ గుర్తుండేది మొదటి రోజు హెడ్డింగే.

అదే కేసులో దర్యాప్తు తర్వాత హిందూ సంస్థలకు చెందినవాళ్ళమీదకు మళ్ళింది. అప్పుడు 'స్వామి' స్వామిగానే ఉన్నాడు, 'నిందితుడు' అని రాశారు. 2018 ఏప్రిల్ 16న కోర్టు ఆయనతో సహా ఐదుగురినీ విడిచిపెట్టింది. నిందితుడు అనడమే న్యాయం. ఆ మాట మా పిల్లలకెందుకు దక్కలేదు? 2010లో కేంద్ర హోంమంత్రి చిదంబరం 'కాషాయ ఉగ్రవాదం' అన్నప్పుడు, ఒక రంగుకు నేరం అంటగట్టొద్దని పెద్ద గొడవే చేశారు. నిజమే, అంటగట్టకూడదు. ఆకుపచ్చకు ఆ రోషం ఎవరూ చూపలేదు.

2020 మార్చిలో విమానాల్లో రోగం తెచ్చుకున్నవాళ్ళు 'విదేశాల నుంచి వచ్చినవారు'. ఢిల్లీ నిజాముద్దీన్ నుంచి రైలెక్కి వచ్చినవాళ్ళు 'మర్కజ్ కేసులు'. అరబ్బీలో మర్కజ్ అంటే కేంద్రం, అంతే. వారం తిరక్కుండా అది రోగం పేరైపోయింది. కొన్ని టీవీలు 'కరోనా జిహాద్' దాకా పోయాయి. దేశంలో చాలాచోట్ల సాయిబుల తోపుడుబళ్ళను వీధుల్లోంచి తరిమారు. ఆ ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి, తబ్లీగీ విదేశీయులమీద కేసులు కొట్టేస్తూ, వాళ్ళను బలిపశువులను చేశారనీ మీడియా దుష్ప్రచారం సాగించిందనీ చెప్పింది. అప్పటికి బండిమీది అరటిపళ్ళు ఎన్నిసార్లు కుళ్ళిపోయాయో!